గడ్డి కూరిన టైరు

రండి, అంత దూరంగా ఆ కుర్చీలో ఎందుకు, ఇట్లా చాప మీదికి వచ్చి కూర్చోండి. ఫ్యాను గాలి ఇక్కడికే బాగా తగులుతుంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెబుతాను. మీరు కూడా నాలుగు కాయలు ముందు పెట్టుకోండి, చేతులకు పని ఉంటే చెవులు శ్రద్ధగా వింటాయి. మా కోడలి సైకిల్ సంగతి ఇది.

మా కోడలిది భీమవరం వైపు. మాది ఇక్కడే. మా ఆయన రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగాడు. నేను పెళ్లయి వచ్చిన కొన్నాళ్లకు ఈ కార్ఖానా పేటకు మారాము, ఇక కదల్లేదు. కోడలు వచ్చిన కొత్తలో మా మాట ఆమెకు సగమే అర్థమయ్యేది. ఆమె "అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందేమో చూస్తారా" అని సాగదీసి అడిగితే, మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "రేడియో పెట్టిండ్రా ఏంది" అనేవాడు. ఆమె నవ్వేది. కానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

ఆమె ఉద్యోగం ఇంట్లోనే. పొద్దున గది తలుపు వేసుకుంటే సాయంత్రం తీసేది. ఏదైనా అడిగితే చెప్పేది, అడగకపోతే లేదు. ఈ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లంటూ ఎవరూ లేరు. ఒక సాయంత్రం బాల్కనీలో నిలబడి ఎదురింటి నీళ్ల ట్యాంకును చూస్తూ ఉంది. చేతిలో టీ మీద మీగడ కట్టింది. నేను వెళ్లి గ్లాసు తీసుకున్నా ఆమెకు తెలియలేదు. ఆ రోజే మా వాడితో అన్నాను.

"బిడ్డ మనసు ఈడ లేదురా. జెర అర్సుకో."

"కొత్త గదమ్మా, అలవాటైతది," అన్నాడు వాడు. వాడికీ ఏం చేయాలో తెలియలేదు, అంతే.

అలవాటు చేసింది సైకిలే. ఆఫీసులో ఎవరో స్నేహితురాలు ఆమెను ఒక ఆదివారం నేరేడ్‌మెట్ అవతల రాళ్లగుట్టల మీదికి తీసుకుపోయింది. అక్కడ ఆడవాళ్లు కొంతమంది లావు టైర్ల సైకిళ్లు వేసుకొని, మట్టి బాటల్లో, బండల మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారట. తర్వాత తనూ ఒకటి కొనుక్కుంది. దాని మీద మొదటిసారి గుట్టలకు పోయివచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మొహం మీద మట్టి, మోచేతి మీద గీరుకుపోయిన గాటు, చెవి దగ్గర ఏదో ఎండుటాకు. బట్టలు కూడా మార్చుకోకుండా వంటింటి గట్టు మీదికెక్కి కూర్చొని మాట్లాడటం మొదలుపెట్టింది. బండ మీద నుంచి ఎట్లా దిగింది, నెమలి ఎట్లా అడ్డం వచ్చింది, భయమేసి ఎట్లా అరిచింది. నేను పొయ్యి మీద గిన్నె సంగతి మరిచిపోయాను. ఆ రోజు అన్నం ముద్దయింది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

అంతా బాగానే ఉంది కానీ, ఆ గుట్టల నిండా ముళ్లు. వాన వెలిసినాక పల్లేరు కాయలు బాట నిండా పరచుకుంటాయి. ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది ఆ కాయకు. మిగతా కాలంలో తుమ్మ ముళ్లు. టైరు ఎంత లావైతే ఏం, లోపల ట్యూబు గాలిబుడగే కదా. పంచర్ అయినప్పుడల్లా మా వాడికి ఫోన్ వచ్చేది. వాడు నిద్ర లేచి కారు తీసుకొని, సందుల్లో దారి అడుగుతూ, గుట్ట కింద దాకా పోయి, చక్రం ఊడదీసి సైకిల్‌ను వెనక సీట్లో పెట్టుకొని, ఆమెను ఇంటికి తెచ్చేవాడు. సీటు కవరంతా ఎర్రమట్టి.

ఒకసారి అట్లా పోయివచ్చినవాడి మొహం మాడిపోయి ఉంది. తినేటప్పుడు చెప్పాడు. వాడు పోయేసరికి ఆమె ఒక్కతే బండ మీద కూర్చొని ఉందట. తోడు వచ్చినవాళ్లు ముందుకు పోయారట. కొంచెం దూరంలో ఎవరో ఇద్దరు మగవాళ్లు బండి ఆపుకొని ఆమెనే చూస్తున్నారట.

"ఇగ నాతోని కాదు," అన్నాడు కంచంలోకి చూస్తూ. "నీ అంతట నువ్వు పోయి నీ అంతట నువ్వు రాగలిగితే పో. ఇంకొక్కసారి పంచరైంది, తీస్కపో అని నాకు ఫోనొస్తే, సైకిల్ అమ్మేస్త."

"సరేనండి," అంది కోడలు. పెరుగు కలుపుకోకుండానే లేచిపోయింది.

ఆ సైకిల్ పోతే పోయేది సైకిల్ కాదు. మళ్లీ ఆ నీళ్ల ట్యాంకు, ఆ మీగడ కట్టిన టీ.

కానీ మా కోడలు తక్కువది కాదు. మర్నాటి నుంచే బాల్కనీలో బట్టల టబ్బు పెట్టుకొని నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఫోన్‌లో వీడియో చూస్తూ చక్రం ఊడదీసేది. ప్లాస్టిక్ మీటలతో టైరు అంచు లేపి, లోపలి నుంచి ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి కొంచెం కొంచెం తిప్పేది. చంటిపిల్లకు నీళ్లు పోసినంత నెమ్మది. ఎక్కడో ఒకచోట సన్నగా బుడగలు లేచేవి. అక్కడ తుడిచి, ఆరబెట్టి, గీకి, జిగురు పూసి, రబ్బరు ముక్క అతికించేది. ఒకసారి అతికించి బిగించాక మర్నాటికే గాలి పోయింది. మళ్లీ విప్పింది. చూస్తే ట్యూబుకు చిల్లి పూడ్చింది కానీ టైరులో ముల్లు అట్లాగే ఉంది. నేను పక్కన దీపం వత్తులు చేసుకుంటున్నాను. నా దగ్గర దూది ఇంత తీసుకొని టైరు లోపల చుట్టూ రాసింది. ముల్లు ఉన్నచోట దూది పోగు పట్టుకుంది. ఇద్దరం అక్కడే నవ్వుకున్నాం.

మా ఆయన కుర్చీలో కూర్చొని అన్నీ చూసేవాడు. ఆమె నేర్చుకోవడానికి పెట్టుకున్న పాత ట్యూబు మీద అతుకు మీద అతుకు పడ్డాక, "అది ట్యూబా, బొంతనా బిడ్డా?" అన్నాడు.

"చలికాలం వస్తోంది కదా మావయ్య గారూ, మీకే కప్పుతాను," అంది. ఆ మాటకు ఆయన రెండు రోజులు మురిసిపోయాడు.

ఇంతలో దసరా వచ్చింది. మా ఇంట్లో దసరా అంటే మా ఆయనదే రాజ్యం. పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతాడు. కత్తిపీట, కత్తెర, నా కుట్టుమిషను, మా వాడి ల్యాప్‌టాప్, చివరికి గ్యాస్ లైటర్‌కు కూడా బొట్టు పెట్టి పువ్వు పెట్టాల్సిందే. సాయంత్రం జమ్మి తెస్తాడు. మా వైపు జమ్మి ఆకును బంగారం అంటాము. పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాము. ఆయన అంతటితో ఆగడు. బంగారం ఉన్నచోట బంగారం చేరుతుందని, సామాను పెట్టే ప్రతిచోటా ఒక రెమ్మ దాస్తాడు. బీరువాలో, బియ్యం డబ్బాలో, స్కూటర్ డిక్కీలో, కారులో ముందు సొరుగులో. నెల తర్వాత కూడా నాకు ఇంట్లో ఏ మూల చెయ్యి పెట్టినా ఎండిన జమ్మి దొరుకుతుంది.

దసరా వెళ్లిన మర్నాడు ఆదివారం. సైకిల్ ఆడవాళ్లలో చాలామంది పండక్కి ఊళ్లకు పోయారు. కోడలు మొదటి గుట్ట దాకా పోయి తిరిగి వస్తానని చెప్పి, పొద్దున వెలుగు రాగానే పోయింది. మా వాడు రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే పడుకున్నాడు. నేను ఇడ్లీ పిండి కలుపుతున్నాను. ఫోన్ మోగింది. నాది.

"అత్తయ్యా, ఆయన లేచారా?"

"లేదు, పండుకున్నడు. ఏమైంది?"

"అయితే మెల్లగా మాట్లాడండి. వెనక చక్రం పంచరైంది."

"ఇంకో ట్యూబు సంచిల పెట్టుకున్నవు గద?"

"అదీ మార్చానండి. గాలి కొడితే నిలవట్లేదు. తీసి చూస్తే దానికీ చిల్లి ఉంది. అత్తయ్యా, సీటు కింద సంచిలో ఏదో కొమ్మ ఉంది. చిన్న చిన్న ముళ్లున్నాయి. అదే గుచ్చుకున్నట్టుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను తల తిప్పి చూశాను. మా ఆయన బాల్కనీలో పేపర్ చదువుతున్నాడు.

"ఇగో, జెర ఇటు రాండ్రి," అన్నాను. "సైకిల్ సంచిల జమ్మి పెట్టిండ్రా?"

"పెట్టిన. బండికి డిక్కీ లేకపాయె. సీటు కింద సంచి కనపడ్డది. ఎందుకు?"

"ముళ్లున్న రెమ్మ పెట్టిండ్రు."

"జమ్మికి ముళ్లు లేకుంట మల్లెలుంటయా?" అన్నాడు. అప్పుడు ఆయనకు అర్థమైంది. పేపర్ చేతిలోంచి జారింది.

"అత్తయ్యా," అంటోంది కోడలు, "అతుకుల డబ్బా కూడా కనపడట్లేదు. పండక్కి ముందు నేనే సంచిలో పెట్టినట్టు గుర్తు. పెట్టలేదేమో మరి."

మా ఆయన నెమ్మదిగా దేవుడి గది వైపు చూశాడు. నేనూ చూశాను. దేవుడి పటం కింద, కత్తెరకూ కత్తిపీటకూ మధ్య, అతుకుల డబ్బా ఉంది. దాని మీద కుంకుమ బొట్టు, బొట్టు మీద బంతిపూరేకు.

"పండుగ నాడు నువ్వు పెట్టినదాన్ని నేనే తీసిన బిడ్డా," అన్నాడు ఫోన్ దగ్గరికి వంగి. "అది సుత పనిముట్టే గద, పూజకు పెట్టిన. ఆ జాగాల జమ్మి పెట్టిన."

అటువైపు నుంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి వచ్చింది.

"బంగారం పెట్టి పనిముట్టు తీసుకున్నారా మావయ్య గారూ."

"నేనొస్త ఆటోల. డబ్బా తెస్త," అన్నాడు ఆయన.

"వద్దండి. ఎవరు వచ్చినా తీసుకొచ్చినట్టే అవుతుంది. నేనే రావాలి. నడిపించుకుంటూ వచ్చేద్దామా అనుకున్నాను. కానీ రిమ్ముకు రాళ్లు తగిలి వంగిపోతుంది. కాస్త ఏదైనా చెప్పండి."

మా ఆయన గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ల బజార్‌లో పాల క్యాన్లు వేసుకొని తిరిగే సైకిళ్లుండేవి. అవి గుర్తొచ్చాయట.

"బిడ్డా, చుట్టుముట్టు గడ్డి ఉన్నదా?"

"ఉంది, చాలా ఉంది. ఎండిపోయింది."

"ట్యూబు తీసి పక్కకు పెట్టు. టైరుల గడ్డి కూరు. గట్టిగ కూరాలె. పాలోళ్లు గట్లనే పోతుండె."

"నిజంగానా?" అంది. "నిలబడుతుందా?"

"పాల క్యాన్లు నిలబడ్డయి, నువ్వు నిలబడవా?"

నేను ఫోన్ లాక్కున్నాను. "దిండులో దూది కూరినట్టు కూరు తల్లీ. ఒక్కకాడ కుక్కితే గడ్డలు కడతది. కొంచెం కొంచెం, చుట్టూ సమంగ. ఇగ పట్టదు అనుకున్నాక ఇంకింత పట్టాలె."

"సరే అత్తయ్యా. గడ్డి కోయాలి, రెండు చేతులూ కావాలి. పెట్టేస్తున్నాను."

నేను తిరిగేసరికి మా వాడు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టంతా రేగి ఉంది.

"ఎవలతోని గుసగుసలు?"

"గ్యాస్ బుకింగ్," అన్నాడు మా ఆయన.

"ఆదివారం పొద్దుగాల గ్యాసోనికి దిండుల దూది ఎట్ల కూరాల్నో చెప్తున్నరా నాయినా?"

ఇక దాచేదేముంది. చెప్పాము. జమ్మి, డబ్బా, గడ్డి, అన్నీ. వాడు కారు తాళం తీసుకున్నాడు. నేను పిండి చేతులతోనే తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నిన్ను రమ్మన్నదా?"

"పంచరైందంటున్నరు గద."

"నాకు చెప్పింది. నీకు చెప్పలే. నువ్వు పెట్టిన షరతు నువ్వే మర్చిపోయినవా?"

"షరతు గిరతు ఏందమ్మా. ఆడ ఒక్కతే ఉన్నది."

అప్పుడు నాకు వాడి మొహంలో కనిపించింది. ఇన్నాళ్లూ కోపం అనుకున్నాము, కోపం కాదది. బండ మీద ఒంటరిగా కూర్చున్న పెళ్లాన్ని చూసిన భయం. దాన్ని ఎట్లా చెప్పాలో తెలియక సైకిల్ అమ్ముతానన్నాడు. పాపం, మగపిల్లలకు భయపడ్డామని చెప్పుకోవడం మనమెవరం నేర్పలేదు.

"ఇను బిడ్డా," అన్నాను. "ఇప్పుడు నువ్వు పోయి తెచ్చినవనుకో, నువ్వు అమ్మకున్నా ఆమె ఇగ ఎక్కదు. గంతే. ఎండ పడ్డది, బాట మీద మనుషులు తిరిగే యాళ్ల. జెర సేపు చూడు. ఆమె అడిగితే, అప్పుడు నేనే నీకు తాళం ఇస్త."

వాడు నా మొహం చూశాడు. తాళం నా చేతిలో పెట్టలేదు కానీ, బయటికీ పోలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. మా ఆయన పోయి పక్కన కూర్చున్నాడు. తండ్రీ కొడుకులు చాలా ఏళ్ల తర్వాత అట్లా ఒకే మెట్టు మీద కూర్చోవడం చూశాను. వచ్చేపోయే బండ్లను చూస్తూ ఉన్నారు. నేను ఇడ్లీలు పెట్టి దించాను. ఎవరూ లేవలేదు. అవి చల్లారుతుంటే మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.

నా ఫోన్ టింగుమంది. నాకు చదవడం రాక కాదు, కళ్లద్దాలు ఎక్కడున్నాయో తెలియక వాడికిచ్చాను. ఫోటో వచ్చింది. చక్రం ఫోటో. టైరు అంచుల్లోంచి గడ్డి పరకలు మీసాల్లా బయటికొచ్చి ఉన్నాయి. కింద రాసిందాన్ని వాడు చదివాడు.

"మెయిన్ రోడ్ ఎక్కాను. మెల్లగా వస్తున్నాను. ఫోన్ చేయకండి, పడిపోతాను."

వాడు ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, మళ్లీ పెద్దది చేశాడు. తాళం జేబులో పెట్టుకున్నాడు.

ముందు చప్పుడు వచ్చింది. మా సందు మలుపులో గరగరమని, పాత తిరగలి తిరిగినట్టు. తర్వాత ఆమె. ఎర్రటి మొహం, చేతుల నిండా గడ్డి కోసిన గీతలు. సైకిల్ వెనక చక్రం ఎగుడుదిగుడుగా తిరుగుతోంది. నడిచేవాళ్లు ఆమె కంటే ముందు పోతున్నారు. కానీ ఆమె కాళ్లు పెడల్ మీదే ఉన్నాయి. గేటు దాకా దిగలేదు. గేటు దాటాక కూడా దిగలేదు. మెట్ల ముందు దాకా తొక్కి, అప్పుడు దిగింది.

మా వాడు లేచి నిలబడ్డాడు. చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. వంగి ఒక పరక పీకాడు.

"ఇదేందీ, పొద్దుగాల్నే పోయి బర్రెకు మేత తెచ్చినవా?"

"మీకే," అంది. ఆయాసంలోనే.

"అమ్మకు ఫోన్ చేసినవంట."

"మీకు చేయలేదుగా."

వాడు నవ్వాడు. అటు తిరిగి టైరును ఊరికే రెండుసార్లు చేత్తో నొక్కాడు, అది గట్టిగా ఉందో లేదో చూస్తున్నట్టు. "భయమైతుండె," అన్నాడు టైరుతో. "గా దినం నిన్ను గట్ల చూసినప్పటి సంది."

"తెలుసండి," అంది ఆమె. "నాకూ అవుతుంది. అందుకే నేర్చుకున్నాను."

మా ఆయన అతుకుల డబ్బా రెండు చేతులతో పట్టుకొని, బొట్టుతో సహా తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "పూజ అయిపోయింది బిడ్డా, తీస్కో," అన్నాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకొని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. పై వాటా వాళ్లు కిటికీలోంచి చూశారు. నేను నిలబడి ఆ నవ్వునే చూశాను. ఇప్పుడది పెదవుల దగ్గర ఆగలేదు.

చల్లారిన ఇడ్లీలు తిన్నాక మా వాడు టబ్బులో నీళ్లు పట్టి బాల్కనీలో పెట్టాడు.

"నాకు సుత నేర్పియ్యి," అన్నాడు.

"ఎందుకండీ? అమ్మేస్తారుగా."

"అమ్మేటోళ్లు నేర్చుకుంటరా? రా, కూసో."

ఇద్దరూ కలిసి టైరు విప్పారు. గడ్డి నలిగి పొడి పొడిగా రాలింది, బాల్కనీ అంతా ఎండు పొలం వాసన. వాడు గోళ్లతో పీకబోతే ఆమె చెయ్యి మీద కొట్టి మీట ఇచ్చింది. ట్యూబు నీళ్లలో పెట్టి తిప్పుతుంటే బుడగలు లేచినచోట వాడే వేలు పెట్టాడు, కనిపెట్టానని చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. తడి చేతులతో అతికిస్తే అతుక్కోదని ఆమె చెప్పింది. వాడు చెయ్యి తన లుంగీకి తుడుచుకున్నాడు.

సైకిల్ అమ్మే మాట మళ్లీ ఈ ఇంట్లో రాలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం పోతుంది. పంచర్లు అవుతూనే ఉంటాయి, ముళ్లు ఎక్కడికి పోతాయి. మధ్యదారిలో ఆగిపోయిన ఆడవాళ్లు ఇప్పుడు ఆమెకు ఫోన్ చేస్తారు. ఆమె నోట్లో ముద్ద ఉండగానే, "కంగారు పడకండి, ముందు నీడలో కూర్చోండి, చక్రం తిప్పి ముల్లు ఎక్కడుందో చూడండి," అని చెబుతూ ఉంటుంది. మా వాడు పక్కన కూర్చొని, "జిగురు ఆరనియ్యాలె అని చెప్పు, తొందరపడతరు," అని అందిస్తాడు. కొన్ని ఆదివారాలు ఇద్దరూ కలిసే పోతారు. వాడు గుట్ట ఎక్కలేక కింద కూర్చుంటాడట. ఆమె పైకి ఎక్కి, అక్కడి నుంచి పిలిచి చెయ్యి ఊపుతుందట. నాకు చెప్పేటప్పుడు వాడు ఆ ఊపడం ఎట్లా ఉంటుందో చూపిస్తాడు.

కాయలన్నీ అయిపోయాయి, చూశారా. మంచిది. మీ ఇంటి మనుషులు ఏ బాట పట్టినా ఆ బాట వాళ్లను క్షేమంగా తిప్పి పంపాలి. మీ ఇంట్లో ఎవరి భయం వాళ్లు పక్కవాళ్లకు చెప్పుకోగలగాలి. చెప్పుకున్నాక నవ్వుకోగలగాలి. మీ గడప ఎప్పుడూ పసుపుతో కళకళలాడాలి, మీ పిల్లా పాపా చల్లగా ఉండాలి.